పరీక్ష నీది, చెయ్యి నాది

చూపు లేని విద్యార్థులకు ఇకమీదట ఈ కాలేజీలో వెంట్రుకవాసి లోటు కూడా ఉండబోదని ప్రిన్సిపాల్ గారు ప్రకటించారు. మైకులో ప్రకటించారు. మైకులో చెప్పింది నిజం కాకపోతే మైకు కొనడం ఎందుకు? అందుచేత నేను నమ్మాను.

విద్యార్థులు అన్నారు గానీ, కాలేజీ మొత్తానికి చూపు లేని పిల్ల ఒక్కతే. అది నా మనవరాలు. పెద్దమనసున్నవాళ్ళు ఒక్కరిని కూడా పదిమంది కింద లెక్కేసి గౌరవిస్తారు.

పొద్దున నేను దాన్ని బస్సులో తీసుకొస్తాను. సాయంత్రం తీసుకెళ్తాను. దారి దానికి నాకన్నా బాగా తెలుసు. బస్సులో నాకు కునుకు పడితే దిగాల్సిన చోట అదే తట్టి లేపుతుంది. అయినా చూపు లేనివారి వెంట తోడు ఉండాలని కాలేజీ రూలు. ఆ తోడు నేనే. క్లాసులు అయ్యేదాకా వరండాలో బెంచీ మీద కూర్చుంటాను. నేను మాట్లాడే మనిషిని కాను కాబట్టి నా ముందు అందరూ ధైర్యంగా మాట్లాడతారు. అలా ఈ సంగతులన్నీ నాకు తెలిశాయి.

మనవరాలికి ఆఖరు సంవత్సరంలో ఒక్క పేపరు మిగిలింది. ప్రభుత్వ పాలన అనే పేపరు. కిందటేడు ఆ పరీక్ష నాడు స్క్రైబ్ రాలేదు. స్క్రైబ్ అంటే, పిల్ల నోటితో జవాబు చెబుతుంటే కాగితం మీద రాసిపెట్టే మనిషి. మనిషి రాలేదు కాబట్టి జవాబులన్నీ దాని నోట్లోనే ఉండిపోయాయి. నోట్లో ఉన్నవాటికి మార్కులు వేసే పద్ధతి ఇంకా రాలేదు. ఈసారి ఆ పేపరు గట్టెక్కితే లా కాలేజీలో సీటు. వాళ్ళు మాట ఇచ్చారు. ఫలితం తెచ్చి చూపించడమే తరువాయి. గడువులోపల చూపించకపోతే ఆ సీటు ఇంకొకరికి.

అందుకని అది ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి మూడు అడిగింది. గబగబా రాసే మనిషి ఒకరు. కాస్త అదనపు టైము. చప్పుడు లేని గది.

ప్రిన్సిపాల్ గారి కళ్ళు చెమర్చాయి.

"ఇంతేనా అమ్మా?"

"ఇంతే సార్."

"ఇంత చిన్న కోరికని ఇంత చిన్నగా తీర్చకూడదు" అన్నారాయన.

అలా పుట్టింది సమాన అవకాశాల విభాగం.

దానికి ఒక కోఆర్డినేటరు గారు. ఆయన పని సమన్వయం. సమన్వయం ఒంటి చేత్తో జరగదు కాబట్టి ఒక జాయింటు కోఆర్డినేటరు గారు. వాళ్ళిద్దరికీ అవగాహన కలిగించడానికి అవగాహన అధికారి. కలిగిందో లేదో చూడటానికి పర్యవేక్షణాధికారి. చూసినదాన్ని పైకి నివేదించడానికి నివేదికల అధికారి. ఇందరు ఒకచోట కూర్చోవాలంటే గది కావాలి. చప్పుడు లేని గది కాలేజీలో ఒక్కటే ఉంది. దాన్ని విభాగానికి ఇచ్చారు.

అందరికీ మెళ్ళో వేసుకునే బ్యాడ్జీలు వచ్చాయి. మనవరాలికి కూడా ఒకటి ఇచ్చారు. అది తడిమి చూసి, "తాతా, ఏం రాశారు దీనిమీద?" అంది.

నేను కూడబలుక్కుని చదివాను. "లబ్ధిదారు."

"అబ్బో, నాకూ పోస్టు ఇచ్చారే!" అంది.

విభాగం పని మొదలుపెట్టింది. చూపు లేనివారు ఇటు రావలెను అని మూరెడేసి అక్షరాలతో గోడలకి బోర్డులు బిగించారు. ఎటు రావాలో ఎర్రరంగు బాణం కూడా వేశారు. తరువాత అవగాహన దినం జరిపారు. చూపు లేనివాళ్ళ కష్టం తెలుసుకోవడానికి అధికారులందరూ కళ్ళకి గంతలు కట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. జాయింటు గారు పూలకుండీ మీద పడ్డారు. అవగాహన ఆయనకి మోకాలికి తగిలింది. మనవరాలే ఆ చప్పుడు విని చెయ్యి పట్టుకుని లేపి బెంచీ దాకా నడిపించి నా పక్కన కూర్చోబెట్టింది.

"ఎలా వెళ్తావమ్మా ఈ వరండాలో?" అన్నారాయన మోకాలు రుద్దుకుంటూ.

"మీరు పూలకుండీలు పెట్టకముందు బాగానే వెళ్ళేదాన్ని సార్" అంది. "అవునుగానీ, స్క్రైబ్ సంగతి?"

"ముందు విభాగం నిలదొక్కుకోనీ" అన్నారు. ఆయన ఇంకా నిలబడలేకపోతున్నారు, పాపం.

పరీక్ష దగ్గరపడింది. అప్పుడు స్క్రైబ్ ఎంపిక కమిటీ కూర్చుంది. స్క్రైబ్‌కి ఆ సబ్జెక్టు తెలియకూడదని రూలు. తెలిస్తే పిల్ల చెప్పింది వదిలేసి సొంతంగా రాసేస్తారు. ఆ రూలు మంచిదే. దాన్ని కమిటీ ఎంత నిష్ఠగా పాటించిందో నేను చూశాను. తలుపు తెరిచే ఉంచారు, పారదర్శకత కోసం.

మొదట మా పక్కింటి అమ్మాయి వచ్చింది. చెట్ల గురించీ పురుగుల గురించీ చదువుతోంది. దాని చెయ్యి గాలిలా నడుస్తుంది. మనవరాలికి ఇంటి దగ్గర రాసిపెట్టేది అదే.

"ప్రభుత్వం అంటే ఏమిటి?" అని అడిగారు కోఆర్డినేటరు గారు.

"తెలీదండీ."

"సంతోషం. మంత్రి అంటే?"

"కార్లో వస్తారు. ఆయన వెళ్ళేదాకా మనల్ని రోడ్డు మీద ఆపేస్తారు."

కమిటీలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సబ్జెక్టు తెలుసు" అన్నారు కోఆర్డినేటరు గారు బాధగా.

"పునాది గట్టిగానే ఉంది" అన్నారు జాయింటు గారు.

పక్కింటి అమ్మాయిని పంపించేశారు. తరువాత లైబ్రరీ అటెండరు వచ్చాడు. తాను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఒక్క పుస్తకం కూడా తెరవలేదని ప్రమాణం చేశాడు. లైబ్రేరియన్ గారు కూడా సాక్ష్యం చెప్పారు.

"కానీ రోజంతా వాటి మధ్యే ఉంటావు కదా" అన్నారు జాయింటు గారు. "గాలి తగిలి ఉంటుంది."

అతన్నీ పంపించేశారు.

ఇక దిక్కు తోచక వరండాలో ఉన్న నన్ను పిలిచారు. ప్రభుత్వం అంటే ఏమిటన్నారు. నేను మాట్లాడలేదు. మంత్రి అంటే ఏమిటన్నారు. మాట్లాడలేదు. నాకు మాటలు తక్కువ. కమిటీ గుసగుసలాడుకుంది.

"తెలియనివాడు ఏదో ఒకటి వాగుతాడు" అన్నారు కోఆర్డినేటరు గారు. "ఇంత గుంభనంగా ఉన్నాడంటే లోపల చాలా ఉంది."

నా జీవితంలో నాకు దక్కిన మర్యాద అదొక్కటే. బెంచీ మీదకి వచ్చి కూర్చున్నాను.

"ఏమైంది తాతా?" అంది మనవరాలు.

"నాకూ తెలుసునట."

అది నవ్వింది. తరువాత చాలాసేపు నవ్వలేదు. ఒడిలో వేళ్ళు మెలితిప్పుకుంటూ, "మళ్ళీ కిందటేడు లాగే అవుతుందా తాతా?" అంది. నేను దాని నెత్తి మీద చెయ్యి వేశాను. అంతకన్నా నా దగ్గర ఏమీ లేదు.

ఆ వారంలోనే విభాగానికి ప్రారంభోత్సవం. అది పనిచేయడం మొదలుపెట్టి చాలా రోజులైంది గానీ, మంత్రిగారికి ఖాళీ దొరకలేదు. ఆయన మనిషి మంచివారు. ఎవరు కనబడినా భుజం తడతారు. ఎవరి భుజమో చూసుకోరు. వెంట పి.ఎ. ఉంటాడు. మంత్రిగారి తరఫున చదవడం, రాయడం అతని పని. అప్పుడప్పుడు ఆలోచించడం కూడా.

వేదిక మీద ప్రిన్సిపాల్ గారు విభాగం సాధించిన విజయాలన్నీ చెప్పి చివరికి గొంతు తగ్గించారు. "సార్, ఒక్కటే చిన్న వెలితి. ఎంత వెతికినా అర్హుడైన స్క్రైబ్ దొరకడం లేదు. అందరికీ ఎంతో కొంత తెలుస్తోంది."

మంత్రిగారు లేచారు. మైకు అందుకున్నారు.

"నేనుండగా ఆ తల్లికి లోటా? నేను రాస్తాను!"

సభ దద్దరిల్లింది. ఫొటోలు తీసేవాళ్ళు కుర్చీలెక్కారు. పి.ఎ. మొహంలో నెత్తురు చుక్క లేదు. అతనికి తెలిసి మంత్రిగారు సంతకం తప్ప ఇంకేమీ రాసి చాలా కాలమైంది.

"కానీ సార్" అన్నారు కోఆర్డినేటరు గారు లేచి నిలబడి, "రూలు ప్రకారం మీకు కూడా..."

ప్రిన్సిపాల్ గారు ఆయన చొక్కా పట్టుకుని లాగారు.

"రూలంటే రూలే" అన్నారు మంత్రిగారు ఠీవిగా. "అడగవయ్యా."

విభాగం గదిలో కూర్చున్నారు. నా బెంచీ కిటికీ కిందే.

"అధికార వికేంద్రీకరణ అంటే ఏమిటి సార్?"

మంత్రిగారు పి.ఎ. వైపు చూశారు. పి.ఎ. నోరు తెరిచాడు. "తమరు చెప్పకూడదండీ" అన్నారు జాయింటు గారు.

"అది మా శాఖ కాదు" అన్నారు మంత్రిగారు.

"సంక్షేమ రాజ్యానికి రెండు లక్షణాలు సార్."

"ఒకటి మా నాయకుడు. రెండోది కూడా ఆయనే."

"పాలనలో మంత్రి పాత్ర ఏమిటి సార్?"

మంత్రిగారు చాలాసేపు ఆలోచించారు. పై కప్పు చూశారు. నేల చూశారు. "ఇది కాస్త కష్టంగా ఉంది. ఇంకోటి అడుగు."

అక్కర్లేదన్నారు కోఆర్డినేటరు గారు. ఆయన చేతులు జోడించారు. ఇన్నాళ్ళుగా వెతుకుతున్న మనిషి ఎదురుగా కూర్చున్నారు. కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ధ్రువపత్రంలో సబ్జెక్టు పరిజ్ఞానం శూన్యం అని రాయబోతే పి.ఎ. అడ్డుపడ్డాడు. చివరికి, సబ్జెక్టు పట్ల సంపూర్ణ నిష్పక్షపాతం అని రాసి పటం కట్టించి ఇచ్చారు. మంత్రిగారు దాన్ని గుండెకి హత్తుకుని ఫొటో దిగారు.

మనవరాలు మాత్రం, "తాతా, ఆయన గబగబా రాస్తారా?" అంది.

ఆ మాట కమిటీలో ఎవరికీ తట్టలేదు.

పరీక్ష రోజు వచ్చింది. కాలేజీకి సున్నం కొట్టారు. విభాగం గదినే పరీక్ష గది చేశారు. చప్పుడు ఉండకూడదని గేటు దగ్గర మైకు పెట్టి, నిశ్శబ్దం పాటించండి, నిశ్శబ్దం పాటించండి అని ఆపకుండా అరిపించారు. మంత్రిగారి కాన్వాయి సైరన్లు వేసుకుంటూ వచ్చింది. అదనపు టైము ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. అది మంత్రిగారు రావడానికి సరిపోయింది.

గదిలో మనవరాలు, మంత్రిగారు, పెన్నులు అందించడానికి పి.ఎ., కాపలాకి ఒక లెక్చరరమ్మ. ఆవిడ చాలా మర్యాదస్తురాలు. మంత్రిగారి వైపు చూడటం బాగుండదని పరీక్ష సాంతం ఫ్యాన్ వైపే చూస్తూ కూర్చుంది.

నేను కిటికీ బయట నిలబడి చూస్తున్నాను. మొదటి ప్రశ్నలు సుఖంగానే నడిచాయి. మనవరాలు చెబుతుంటే మంత్రిగారు రాశారు. ఆయన అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. ఒక్కో మాట రాసి వెనక్కి వాలి చూసుకుని మురిసిపోతున్నారు. మనవరాలు ఆయన చెయ్యి నడిచినంత మెల్లగా చెబుతోంది. పెన్ను గీసే చప్పుడు ఆగితే ఆగుతుంది, మొదలైతే మొదలుపెడుతుంది.

చివరి ప్రశ్న మంత్రిగారే చదివారు. "సంక్షేమ పథకాలు అర్హులకు చేరకపోవడానికి గల కారణాలను ఉదాహరణలతో చర్చింపుము." పేపరులో సగం మార్కులు దానికే.

మనవరాలు గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. "మొదటి కారణం, చేసేవాళ్ళకన్నా చూసేవాళ్ళు ఎక్కువ కావడం. ఒక్క లబ్ధిదారు కోసం..."

ఆగిపోయింది. చెవి ఒగ్గి వింది.

"సార్, పెన్ను ఆగింది."

"ఆగింది తల్లీ."

"ఇంకు అయిపోయిందా సార్?"

పి.ఎ. గబుక్కున ఇంకో పెన్ను ఇచ్చాడు. మంత్రిగారు తీసుకోలేదు.

"పథకాలు చేరడం లేదని నేనెలా రాస్తాను తల్లీ? చేరుతున్నాయని నేనే గదా ఊరూరా చెబుతున్నది?"

"మీరు రాయడం లేదు సార్. నేను రాస్తున్నాను. ఇది నా పరీక్ష."

"పరీక్ష నీదే. కాదన్నానా? చెయ్యి నాది" అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ. "రేపు ఎవడి చేతికైనా ఈ కాగితం చిక్కితే? ఇదిగో మంత్రి సొంత చేత్తో ఒప్పుకున్నాడని ఊరేగిస్తారు. నా వైపు నుంచి కూడా చూడు."

"నేను ఎటు నుంచీ చూడలేను కదా సార్."

లెక్చరరమ్మ ఫ్యాన్ కేసి ఇంకా దీక్షగా చూసింది.

"సరే పోనీ" అన్నారు మంత్రిగారు. "కారణాలేమీ లేవు అని రాస్తాను. కుదురుతుందా?"

"సున్నా వస్తుంది సార్."

"ఒక్క సున్నాకే బెంగ పడితే ఎలా? నేను రెండుసార్లు డిపాజిట్టు పోగొట్టుకున్నా."

మనవరాలు బల్ల అంచుని వేళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరకి తడుముతూ కూర్చుంది. బయట మైకు నిశ్శబ్దం పాటించమని మొత్తుకుంటోంది. నాకు ఆ క్షణంలో లా కాలేజీ గేటు కళ్ళ ముందు కదిలింది. అది మూసుకుంటున్నట్టే ఉంది. కిటికీలోంచి ఏదైనా అందామనుకున్నాను.

అప్పుడు అది తల ఎత్తింది.

"సార్, పోనీ కారణాలు వద్దు. ఘనతలు చెబితే రాస్తారా?"

"అదీ మాట!" మంత్రిగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "చెప్పు తల్లీ, చెప్పు."

"రాయండి సార్. మన ప్రభుత్వం ఒక్క లబ్ధిదారు కోసం అయిదుగురు అధికారులను నియమించింది. లబ్ధి ఎటు పోతుందో చూడటానికి ఇన్ని కళ్ళు ఏ దేశంలోనూ లేవు."

పెన్ను పరుగెత్తింది.

"పథకం తొందరపడి అలిసిపోకుండా, ప్రతి ఆఫీసులోనూ ప్రతి బల్ల మీదా దానికి తగినంత విశ్రాంతి కల్పించింది."

"భేష్!"

"చూపు లేనివారి కోసం మూరెడు మూరెడు అక్షరాలతో బోర్డులు పెట్టింది. ఇప్పటివరకూ వాటిలో ఒక్క తప్పు ఉందని కూడా వారెవ్వరూ ఫిర్యాదు చేయలేదు."

"నిజమే గదా!" అన్నారు మంత్రిగారు పి.ఎ.తో.

"అర్హులను ఎంత జాగ్రత్తగా ఎంపిక చేసిందంటే, ఎంపిక పూర్తయ్యేసరికి చాలామందికి అవసరమే తీరిపోయింది. పనివాళ్ళని వెతికేటప్పుడు పని తెలిసినవాళ్ళను దగ్గరికి కూడా రానివ్వలేదు. పక్షపాతానికి తావే లేదు."

అలా ఏడెనిమిది చెప్పింది. ప్రతిదానికీ ఉదాహరణ. మంత్రిగారి చెయ్యి ఇందాకటి చెయ్యి కాదు. గాలిలా నడిచింది. మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకున్నారు.

"మా ప్రచార శాఖ వాళ్ళు దండగ" అన్నారు చివరికి. "ఇంత బాగా నా గురించి ఒక్కడూ చెప్పలేదు. ఏమయ్యా, దీన్ని దించుకో."

పి.ఎ. దించుకున్నాడు. లెక్చరరమ్మకి ఫ్యాన్ తప్ప ఏమీ కనబడలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో మనవరాలు నా భుజానికి తల ఆనించి, "తాతా, కారణాలన్నీ వచ్చేశాయి. ఒక్కటి కూడా వదల్లేదు" అంది. అని నిద్రపోయింది. ఆ రోజు దిగే చోట నేనే లేపాను.

కొన్నాళ్ళకి రాజధానిలో పెద్ద సభ జరిగింది. అందులో మంత్రిగారు ప్రభుత్వ ఘనతల మీద ప్రసంగించారు. మా ఇంట్లో రేడియోలో విన్నాం. ఒక్క అధికారుల సంఖ్యే అయిదు నుంచి అయిదు వందలకు పెరిగింది. మిగతాదంతా అక్షరం పొల్లు పోలేదు. ప్రథమ వాక్యానికే చప్పట్లు. రెండో వాక్యం నుంచి నవ్వులు. ప్రజలు ఇంత ఆనందంగా ఉండటం తానెన్నడూ చూడలేదని మంత్రిగారు మైకులోనే అన్నారు. మర్నాడు పేపర్లన్నీ ఆ ప్రసంగాన్ని పూర్తిగా అచ్చు వేశాయి.

మనవరాలు రేడియో కట్టేసి, "నా జవాబు బాగానే ఉందన్నమాట" అంది.

ఫలితాలు వచ్చాయి. అందరివీ వచ్చాయి. దానిది ఆపేశారు.

లా కాలేజీ గడువుకి ఇక ఆ ఒక్కరోజే ఉంది. పొద్దున్నే విభాగం గదికి వెళ్ళాం. కోఆర్డినేటరు గారు లేచి నిలబడి, లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చేదువార్త చెప్పేటప్పుడు కుర్చీ వేయాలని ఆయనకి అవగాహన అధికారి నేర్పారట.

"మార్కులు బాగా వచ్చాయమ్మా. అందుకే అనుమానం వచ్చింది" అన్నారు. "నీ చివరి జవాబు మంత్రిగారి ప్రసంగంతో ఉన్నదున్నట్టు సరిపోయింది. దీన్ని కాపీ అంటారు."

"సార్, పరీక్ష ముందు జరిగింది. ప్రసంగం తర్వాత."

"ముందూ వెనకా చూడటం మా విభాగం పని కాదమ్మా."

"ఆయన తర్వాత మాట్లాడారంటే ముందే ఆలోచించి ఉంటారు" అన్నారు జాయింటు గారు.

"సార్, అది రాసింది ఆయనే! నేను చెబుతుంటే!"

"అదేగా మేమనేది" అన్నారు కోఆర్డినేటరు గారు జాలిగా. "మాటలు ఆయనవి. చేతిరాత కూడా ఆయనదే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

మనవరాలు సంచి ఒళ్ళోకి తీసుకుంది. "ఇప్పుడేం చేయాలి సార్?"

"కంగారు పడకు. నీ వివరణ ఇవ్వచ్చు. విభాగం ఉన్నదే అందుకు. కాకపోతే రాతపూర్వకంగా ఇవ్వాలి."

"చెబుతాను, మా పక్కింటి అమ్మాయి రాస్తుంది."

"అయ్యో, అలా కుదరదు. అర్హత ఉన్న స్క్రైబే రాయాలి. మా దగ్గర ధ్రువపత్రం ఉన్నవారు ఒక్కరే." కోఆర్డినేటరు గారు గడియారం చూసుకున్నారు. "కబురు పెట్టాం. ఎంత పని ఉన్నా వస్తానన్నారు."

గేటు దగ్గర సైరన్ వినబడింది. మైకు నిశ్శబ్దం పాటించమని మొదలుపెట్టింది.

మంత్రిగారు వస్తూనే నా భుజం తట్టారు. జేబులో కొత్త పెన్ను ఉంది. వెనక పి.ఎ. కాగితాలు పట్టుకున్నాడు. మంత్రిగారు కుర్చీ లాక్కుని మనవరాలి ఎదురుగా కూర్చుని, పెన్ను మూత తీశారు.

"ఎవడు తల్లీ నీ మీద అభాండం వేసింది? చెప్పు, రాసి పడేస్తాను."

కోఆర్డినేటరు గారూ జాయింటు గారూ ఒకేసారి గోడ మీద బోర్డు చదవడం మొదలుపెట్టారు.

మనవరాలు బల్ల అంచు మీద వేళ్ళు పెట్టింది. "అభాండాలు ఎందుకులెండి సార్. ఘనతలు చెబుతాను."

"నావేనా?"

"మీవే సార్."

"నువ్వు బంగారు తల్లివి" అన్నారు మంత్రిగారు. పెన్ను సిద్ధంగా పట్టుకున్నారు.

"మంత్రిగారు ఒక మామూలు విద్యార్థిని కోసం పరీక్ష గదిలో కూర్చుని, ఆమె నోటి నుంచి వచ్చిన ప్రతి మాటనూ తన స్వహస్తంతో రాశారు."

"రాశాను" అన్నారు రాస్తూ.

"ఆ మాటలు ఆయనకి ఎంతగా నచ్చాయంటే, అక్కడికక్కడే దించుకోమని తమ పి.ఎ.కి చెప్పారు. తరువాత రాజధాని సభలో ఆ మాటలనే చదివి వినిపించారు. ఒక మామూలు విద్యార్థిని మాటలకు ఇంత గౌరవం ఇచ్చిన మంత్రి ఇంతకు ముందు లేరు."

పెన్ను ఎక్కడా ఆగలేదు. పి.ఎ. ఒకసారి దగ్గాడు. మంత్రిగారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయిపోయిందా తల్లీ?"

"అయిపోయింది సార్. కింద సంతకం పెట్టండి."

"నాదా? వివరణ నీది గదా?"

"వివరణ నాదే సార్. చెయ్యి మీది."

సంతకం అనేసరికి ఆయన చేతికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క ఊపులో పెట్టేశారు. కింద గీత కూడా గీశారు.

కోఆర్డినేటరు గారు కాగితం అందుకుని చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. జాయింటు గారికి ఇచ్చారు. ఆయన చదివి మోకాలు పట్టుకుని కూర్చున్నారు.

"సార్" అన్నారు కోఆర్డినేటరు గారు గొంతు సవరించుకుని, "ఇందులో ఒకటి రెండు మాటలు మారిస్తే..."

"అక్షరం మార్చడానికి వీల్లేదు" అన్నారు మంత్రిగారు. "అమ్మాయి ఫలితం ఇప్పుడే ఇచ్చేయండి. ఇంత తెలివైన పిల్లని ఆపుతారా?"

ప్రింటు తీసే మిషను గరగరలాడింది. వెచ్చని కాగితం మనవరాలి చేతిలో పెట్టారు. అది దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని నా మోచెయ్యి పట్టుకుంది.

"పద తాతా. బస్సు పోతుంది."

మేము గడప దాటుతుంటే వెనక మంత్రిగారి మాట వినబడింది.

"ఏమయ్యా, దీన్ని కూడా దించుకో. ఎల్లుండి ఇంకో సభ ఉంది."